లెక్క పెట్టని నవమి

మా మేనత్త పోయి నెల దాటింది. ఏలూరులో, తన ఇంట్లోనే, పొద్దుటి కాఫీ తాగి, పక్కింటావిడకు ఆవిడ మనవరాలి లెక్కల పరీక్ష గురించి ఏదో చెబుతూ, మాట మధ్యలో ఆగిపోయారట. ఫోను వచ్చేసరికి నేను తాడేపల్లిగూడెంలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోను పెట్టేసి, రాబోతున్న ఆ బస్సే ఎక్కాను. నేను వెళుతున్నది ఆవిడ దగ్గరకే.

ఈ వ్యాసం ఇప్పుడే ఎందుకు రాయవలసి వచ్చిందో ముందుగా చెప్పాలి. పన్నెండో రోజు భోజనాల దగ్గర, మా మేనత్త ఉద్యోగ విరమణ తరవాతి కాలమంతా వెచ్చించి తేల్చిన సంగతిని బంధువులు ఒకరికొకరు చెప్పుకొంటుంటే విన్నాను. ఒకప్పుడు నీళ్లలో పడిన మా ఇంటి పిల్లను అమ్మవారు చేతుల మీద తేల్చి ఒడ్డున పడుకోబెట్టిందని ఒకరన్నారు. అదంతా లెక్కల టీచరుగారు తోచక అల్లుకున్న కథ అని మరొకరన్నారు. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. రెండూ నిజం కావు. గోదావరి పుష్కరాలు దగ్గరపడుతున్నాయి. పుష్కరాల రేవులో మా ఇంటివాళ్లు ఒక పేరును ఏ వరసలో పలకాలన్నది ఇన్నేళ్లుగా నలిగిన విషయం. తెలిసినంతవరకు తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు ఇప్పుడు రాసి ఉంచకపోతే, తరవాతి తరానికి ఈ రెండు కథల్లో ఏదో ఒకటే మిగులుతుంది.

మా ఇంటిది పౌరోహిత్యం. నాన్నగారు ఇప్పటికీ తాడేపల్లిగూడెంలో ఆ వృత్తిలోనే ఉన్నారు. మేనత్త ఆయనకు అక్క. పుష్కరాలలో పిండప్రదానం చేసేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతలతో ఆపరు. తల్లివైపు వారు, పినతండ్రులు, మేనత్తలు, అక్కచెల్లెళ్లు, ఆ తరవాత గురువులు, స్నేహితులు, ఇలా గుర్తున్న ప్రతి ఒక్కరి పేరూ ఒక వరసలో చెబుతారు. పుస్తకం చూడకుండా చెబుతారు. మా ఇంటి చరిత్ర అంటూ ఏదైనా ఉంటే ఆ వరసే.

ఆ వరసలో మా ముత్తాతగారి చెల్లెలి పేరు ఒకటి వచ్చేది. ఇంట్లో మామూలు మాటల్లో మాత్రం ఆమెకు పేరు లేదు. 'నీళ్లలో పోయిన పిల్ల' అనేవారు. పెళ్లీడుకు వస్తున్న వయసులో, అప్పట్లో మావాళ్లుండే ఏలూరు నుంచి ఇంటివాళ్లతో కలిసి కొల్లేటికోట అమ్మవారి తీర్థానికి పడవలో వెళుతుండగా గాలివాన వచ్చి పడవ తిరగబడింది. తక్కినవారందరూ దొరికారు. ఆ పిల్ల దొరకలేదు. శవం దొరకని వారికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే విధి ఒకటి ఉంది. అంత చిన్నపిల్లకు అదంతా అక్కరలేదని పెద్దలు నచ్చజెప్పినా తండ్రి వినలేదట. దిక్కులేని దానిలా నీళ్ల మీద తిరగకూడదని పట్టుబట్టి కర్మ జరిపించారు. అంత ప్రేమ ఆ పిల్ల మీద. మా ఇంట్లో ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

మా మేనత్త ఏలూరులో ఆడపిల్లల హైస్కూలులో లెక్కలు చెప్పేవారు. పిల్లలను కూడా 'మీరు' అనేవారు. 'మీరు ఈ మెట్టు ఎలా దిగారో చెప్పండి' అని ఆవిడ అడిగితే, తప్పు చేసిన పిల్ల తప్పెక్కడుందో తనే చెప్పేసేది. 'అందరూ అలాగే అంటారండీ' అని ఎవరైనా అంటే, 'ఎవరండీ ఆ అందరూ?' అని నవ్వుతూ అడిగేవారు. ఆ నవ్వు వల్ల ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఆ ప్రశ్న వల్ల చాలామంది మాట మార్చేవారు. బస్సులో ఎక్కడ కూర్చున్నా చేతిసంచీలో మజ్జిగ సీసా, ఒక మెత్తటి గుడ్డ ఉండేవి. గుడ్డ కళ్లజోడుకు. సాక్షి మాట్లాడుతుంటే కళ్లజోడు తీసి తుడుచుకొనేవారు. మనం కళ్లలోకి చూస్తూ కూర్చుంటే మనిషి మనకు నచ్చేదే చెబుతాడని.

ఆవిడకు ఈ పని తగులుకొన్నది ఎన్నికల డ్యూటీలో. ఉద్యోగం చివరి రోజుల్లో ఒకసారి కొల్లేటి మధ్యనున్న ఒక లంక గ్రామంలో పోలింగు డ్యూటీ పడింది. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఊరివారిని అడగకుండా రాయడం పద్ధతి కాదు. ముందురోజు సాయంత్రం బాక్సులు, కాగితాలు సర్దుకొని బడి అరుగు మీద కూర్చున్నారు. ఎదురుగా ఐసు షెడ్డు. దోనెల్లోంచి దించిన కొర్రమేను చేపలను ఇద్దరు ఆడవాళ్లు లెక్కపెడుతున్నారు. ఒకామె అయిదేసి చేపలను బుట్టలో వేస్తూ అయిదో ఎక్కం పైకి చదువుతోంది. అయిదొకట్లు అయిదు, అయిదు రెళ్లు పది. యాభై దగ్గరకు వచ్చేసరికి ఆమె 'యాభై' అని గొంతు దించి, మళ్లీ 'యాభై' అని గొంతు లేపి సాగదీసింది. రెండో ఆమె ఆ సాగిన గొంతును అందుకొని, బుట్టలోంచి అయిదేసి తీసి ఐసు ట్రేలో సర్దుతూ, అదే ఎక్కాన్ని యాభై నుంచి అయిదు దాకా కిందికి చదువుతూ వెళ్లింది. చివరి అయిదూ అయ్యేసరికి బుట్ట ఖాళీ అయితే లెక్క సరిపోయినట్టు.

మా మేనత్త లేచి నిలబడ్డారట. ఎందుకంటే, ఎక్కాన్ని పైకి చదివి, కొసన ఉన్న అంకెను ఒకసారి దించి ఒకసారి లేపి రెండుసార్లు పలికి, ఊపిరి తెగకుండా కిందికి దిగడం మా ఇంట్లో తప్ప ఆవిడ ఎక్కడా వినలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఎన్నో ఊళ్ల పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ఆవిడ. నీళ్లలో పోయిన ఆ పిల్ల తండ్రిగారు వేదం చెప్పే పండితులు. కొడుకులకు వేదం చెప్పారు. ఆ రోజుల్లో ఆడపిల్లలకు చెప్పకూడదు కనుక, ఎక్కాలు చెప్పారు. చెప్పడం ఆయనకు ఒక్క తీరునే వచ్చు. వేదం చెప్పే గొంతుతోనే ఎక్కాలూ చెప్పారు. అది మా ఇంటి ఆడవాళ్ల నోట్లో తరతరాలుగా నిలిచింది. అత్తయ్య నాకు నేర్పిందీ అలాగే.

ఆ సాయంత్రం ఆవిడ షెడ్డు దగ్గరకు వెళ్లి, ఆ లెక్క ఎవరు నేర్పారని అడిగారు.

"మా అమ్మమ్మకి పంతులమ్మగారు నేర్పారంటండి. మా అమ్మకి అమ్మమ్మ, మాకు అమ్మ."

"ఏ పంతులమ్మగారండీ?"

"పేరు తెలీదండి. చేప తినని పంతులమ్మగారండి. మా ఊళ్లో చేప తినని ప్రాణి ఆవిడొక్కతేనంట. ఆవిడ ఇంటి చుట్టూ తిరిగి తిరిగి మా పిల్లులు సన్యాసం పుచ్చుకున్నాయని మా తాత అనేవాడండి."

అత్తయ్య ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పింది కూడా నా వృత్తి వల్ల. పాత భూమి రికార్డులు చదివి, ఏ పొలం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్లిందో తేల్చి చెప్పడం నా పని. ఆవిడ చెప్పినదంతా విని, ఆ లంక గ్రామం పాత రికార్డులు చూస్తానన్నాను. చూశాను. చెరువుల కింద భూములు, గట్లు, చేపల హక్కులు, అన్నీ మగవారి పేర్లు. తిరిగి వచ్చి ఏమీ దొరకలేదంటే అత్తయ్య ఆశ్చర్యపోలేదు. "నీ కాగితాల్లో మనం ఉండమే అమ్మడూ. మనం ఎక్కడుంటామో అక్కడ వెతుకు" అన్నారు. మరి ఎక్కడుంటామని అడిగితే, ఇంకొకరికి నేర్పినదాంట్లో ఉంటామన్నారు.

నేను ఒప్పుకోలేదు. ఒక్క ఎక్కం మీద ఒక మనిషి జీవితాన్ని నిలబెట్టడం నా వృత్తి ధర్మానికి సరిపడదు. వేదం చెప్పే ఇళ్లు ఈ జిల్లాలో మాది ఒక్కటే కాదు. ఆ తీరు ఇంకొకరి దగ్గర్నుంచి అక్కడికి వెళ్లి ఉండవచ్చు. అలా అన్నందుకు ఆవిడ సంతోషించారు. పాఠంలో తప్పు పట్టుకొన్న పిల్లను చూసినట్టు నన్ను చూసి, అయితే ముందు ఆ తీరు ఇంకెక్కడా లేదని తేల్చుకొందామన్నారు.

అక్కడినుంచి ఇద్దరం ఊళ్లు వినడం మొదలుపెట్టాం. వినడం అనే అంటున్నాను. ఉంగుటూరు వైపు ఊళ్లలో వరికట్టలు లెక్కపెట్టేవాళ్లను విన్నాం. దెందులూరు దగ్గర చెరువుల మీద చేపపిల్లలు పోసేవాళ్లను విన్నాం. తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డులో, రైసు మిల్లుల దగ్గర, బస్తాలు దించే హమాలీలను విన్నాం. యార్డులో ఒక మేస్త్రీ మమ్మల్ని చాలాసేపు గమనించి, దగ్గరకు వచ్చి, చేతులు కట్టుకొని, "ఏవండీ మేడంగారూ, మీరు టాక్సు ఆఫీసువారాండి?" అని అడిగాడు. కాదు, లెక్కల టీచర్నని అత్తయ్య చెబితే, "మా లెక్క తప్పుందాండి అయితే?" అని ఇంకా భయపడ్డాడు. తప్పు లేదు, బాగుందని చెప్పి, అతనికి ఉన్న మజ్జిగలో సగం పోశారు. మాకు తెలిసిన వేదపండితుల ఇళ్లకూ వెళ్లాం. వారి ఇళ్ల ఆడవాళ్ల చేత ఎక్కాలు చదివించుకొన్నాం. పైకి చదివి కిందికి దిగేవారు ఒకరిద్దరు ఉన్నారు. కొసన గొంతు దించి, లేపి, రెండుసార్లు పలికేవారు ఎక్కడా లేరు.

ఇలాంటి పనిలో ఆవిడకు ఒకటే నియమం. తను ఎక్కం ఎప్పుడూ ముందు చదివేవారు కాదు. "ముందు మనం పలికామంటే, తరవాత వాళ్లు పలికేది వాళ్లది కాదు, మనది" అనేవారు. చదివించి, విని, కళ్లజోడు తుడుచుకొని, దణ్ణం పెట్టి వచ్చేసేవారు. నా వృత్తిలో పెద్దవారు నాకు ఎన్నో నేర్పారు. సాక్షిని కలుషితం చేయకుండా అడగడం మాత్రం నేను ఆవిడ వెనక నిలబడి నేర్చుకొన్నాను.

లంక గ్రామానికి తిరిగి తిరిగి వెళ్లాం. ఐసు షెడ్డులో ఆడవాళ్లు మమ్మల్ని చూడగానే నవ్వి ఒక పీట వేసేవారు. వాళ్లకు తెలిసింది కొంచెమే. పంతులమ్మగారు ఎక్కణ్నుంచో వచ్చారు. బడి లేని రోజుల్లో తన పాక ముందు పిల్లలను కూర్చోబెట్టి అంకెలు, అక్షరాలు చెప్పారు. మగపిల్లలు పెద్దయ్యాక దోనెలెక్కి మరిచిపోయారు. ఆడపిల్లలు చేపలు లెక్కపెట్టే పనిలో ఉండిపోయారు కనుక వాళ్ల దగ్గర నిలిచింది. కొనడానికి వచ్చే వ్యాపారులు లెక్కలో మోసం చేయలేని ఊరని తమ ఊరికి పేరని ఒకామె చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆమె కాస్త నిటారుగా కూర్చొంది. అత్తయ్య కళ్లజోడు అప్పటికే తుడిచి ఉన్నారు, మళ్లీ తుడిచారు.

ఈ పరిశోధన తిరిగిన మలుపు ఆ షెడ్డులోనే వచ్చింది. వాళ్ల లెక్కను రికార్డు చేసుకోవాలని, ఫలానా రోజున వస్తామని నేను చెప్పాను. ఒకామె వేళ్ల మీద ఏదో లెక్కవేసుకొని, ఆ రోజు రావద్దంది.

"ఆ రోజు లెక్క ఉండదండి."

"చేపలు పట్టరా?"

"పడతామండి. లెక్క పెట్టం. కంటి అంచనాకే ఇచ్చేస్తాం. పంతులమ్మగారు పస్తుండే రోజండి అది. ఆ రోజు ఆవిడ బడి పెట్టేవారు కాదంట. ఎక్కం పలికేవారు కాదంట. అందుకని మేమూ పలకం."

అత్తయ్య మెల్లగా, అది ప్రతి ఏడూ ఎలా గుర్తుపెట్టుకొంటారని మాత్రం అడిగారు. కార్తీక పున్నమి వెళ్లిన తొమ్మిదో నాడు అని ఆమె చెప్పింది.

తిరుగు బస్సులో అత్తయ్య కిటికీ పక్కన కూర్చొని, నాన్నగారికి ఫోను చెయ్యమన్నారు. ఎక్కడున్నామో, ఏం విన్నామో చెప్పవద్దన్నారు. వేదం చెప్పిన ఆ పెద్దాయన తద్దినం ఏ తిథి అని, అంతమాత్రమే అడగమన్నారు. నేను అడిగాను. ఆయన మా నాన్నగారికి ముత్తాత. తద్దినాలు పెట్టే తరం దాటిపోయింది. కాని నాన్నగారు తడుముకోలేదు. చిన్నప్పుడు ఆయన తాతగారు ఆ తద్దినం పెడుతుంటే చూసినవారు.

"కార్తీక బహుళ నవమి అమ్మా. ఆ రోజు మాకు గారెలు. ఎందుకు?"

ఊరికే అన్నాను. ఫోను పెట్టేసి అత్తయ్య వైపు చూశాను. నా ముఖం చూసి ఆవిడకు తెలిసింది. గారెలు అన్నాడా అని మాత్రం అడిగారు. అన్నారని చెప్పాను. అటు తిరిగి కొల్లేటి గట్టు మీద వాలుతున్న కొంగలను చూస్తూ కూర్చొన్నారు. ఏలూరులో దిగేటప్పుడు, "నా చిన్నతనంలో ఆవిడ అక్కడ బతికే ఉండేదే. నేను స్కూలు ఫైనలు చదువుతున్నప్పుడు కూడా" అన్నారు.

అది వయసులు లెక్కవేసి అన్న మాట; పంతులమ్మగారు పోయిన ఏడు తెలిశాక నిజమని తేలింది. పంతులమ్మగారి దగ్గర స్వయంగా చదువుకొన్న ఒక పెద్దావిడ దెందులూరులో కూతురి ఇంట్లో ఉన్నారని తెలిసి వెళ్లాం. చూపు ఆనదు. మాట స్పష్టం. పడవ తిరగబడిన పిల్లను జమ్ములోంచి దోనెవాళ్లు తీశారని, చాలా రోజులు జ్వరంతో పడి ఉందని, తన ఇంటిపేరు, ఊరు చెప్పగలిగే స్థితికి వచ్చేసరికి నెలలు గడిచాయని తన తల్లి చెప్పగా విన్నానన్నారు. ఇంటికి కబురు పంపారా అని అడిగాం. "మా పెద్దాళ్లు వెళ్లారంటారండి. వెళ్లి చెప్పారో, గుమ్మందాకా వెళ్లి తిరిగొచ్చేశారో నేనెరగనండి" అన్నారు. చివరిదాకా ఆవిడ ఎక్కం చెప్పిన తీరు ఎలా ఉండేదో వినిపించమంటే, ఆ పెద్దావిడ ఏడో ఎక్కం అందుకొన్నారు. ఏడు పదులు డెబ్భై దగ్గర గొంతు దించారు, లేపారు. ఊపిరి తెగకుండా కిందికి దిగారు. ఆవిడ ఊపిరి నాకంటే బాగుంది.

ఇదంతా అత్తయ్య నాన్నగారి ముందు పెట్టారు. వచ్చే పుష్కరాలలో ఆ పేరును నీళ్లలో పోయిన ఆడపడుచుగా కాక, గురువుల వరసలో చెప్పాలన్నది ఆవిడ కోరిక. నాన్నగారు నెమ్మదైన మనిషి. అక్కగారి మాట ఎప్పుడూ కాదనలేదు. ఇక్కడ మాత్రం వెంటనే ఔననలేదు. ఒకే తిథిన ఎంతమందో పోతారన్నారు. ఎక్కాలు ఎవరైనా చెప్పుకోవచ్చన్నారు. అత్తయ్య ప్రతిదానికీ ఓపికగా సమాధానం చెబుతుంటే, చివరికి ఆయన అసలు మాట అన్నారు.

"బతికున్న పిల్లకి మన పెద్దలు కర్మ చేశారని ఒప్పుకోమంటావా అక్కయ్యా?"

"తెలిసి చేశారనటం లేదు. దానిమీద ప్రేమకొద్దీ చేశారు. ఆ తప్పు మనబోటి ఇంట్లోనే జరుగుతుంది, ప్రేమ ఉన్నచోటే జరుగుతుంది."

"కర్మ అయిపోయింది. పేరు ఎలాగూ చెబుతున్నాం. ఏ వరసలో చెబితే ఏం?"

"నువ్వు ప్రతి పుష్కరానికీ దాన్ని నీళ్లలో వదిలేసి వస్తున్నావు. గట్టున నిలబెట్టమంటున్నాను, అంతే."

నాన్నగారు పంచాంగం మూసి, ఆలోచిస్తానన్నారు. ఆలోచిస్తూనే ఉన్నారు. అత్తయ్య మళ్లీ అడగలేదు. ఒక ప్రశ్న పిల్లకు ఇచ్చాక బోర్డు వైపు తిరిగి నిలబడే అలవాటు ఆవిడకు బడిలోనూ ఉండేది. నాతో మాత్రం ఒకసారి అన్నారు: "మన ఇంట్లో ఇంతమంది చదివారు. పదిమంది మెచ్చేలా చదివారు. చదువును ఒక ఊరికి అన్నంలో కలిపి పెట్టింది మాత్రం ఆ పిల్లొక్కతే. అది నా మనిషి అని చెప్పుకోవాలని ఉంది, అంతకంటే ఏం లేదు." ఆవిడ గొప్పలు చెప్పుకోగా నేను విన్నది ఆ ఒక్కసారే. అది కూడా తన గురించి కాదు.

పుష్కరాలదాకా ఆవిడ ఉండలేదు.

పదో రోజున లంక గ్రామం నుంచి ఐసు షెడ్డు ఆడవాళ్లు వచ్చారు. ఏలూరులో బస్సు దిగి, ఇల్లు అడుగుతూ, ఆటోలో వచ్చారు. వీధి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. నాన్నగారే లేచి వెళ్లి, లోపలికి రండి అని పిలిచి, అత్తయ్య ఫొటో ఉన్న గదిలో చాప వేయించారు. వాళ్లు కాసేపు కూర్చొని, ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. తరవాత వాళ్లలో పెద్దామె నాన్నగారిని అడిగింది. "మేడంగారు వచ్చినప్పుడల్లా మా చేత చదివించుకొనేవారండి. ఒక్కసారి చదివి వెళ్తామండి. మీకు అభ్యంతరమాండి?"

నాన్నగారు చదవమన్నారు. ఆయన అంతవరకు దాన్ని మా నోట వినడమే తప్ప వాళ్ల నోట వినలేదు. ఒకామె అయిదో ఎక్కం పైకి చదివింది. యాభై దగ్గర గొంతు దించింది, లేపింది. రెండో ఆమె అందుకోవాలి. ఆమె చేతుల్లో ముఖం దాచుకొని ఏడ్చేసింది. ఆ సాగదీసిన యాభై గదిలో అలా ఆగిపోయింది. అప్పుడు నాన్నగారు అందుకొన్నారు. అయిదు తొమ్మిదులు నలభై అయిదు అని, వేదం చెప్పే గొంతుతో, కళ్లు మూసుకొని, అయిదు దాకా దిగారు. ఆ ఆడవాళ్లు కూడా కలిశారు. ఏ గొంతు ఎవరిదో విడదీయలేకపోయాను.

అయ్యాక ఆయన కళ్లు తెరిచి, ఆ పెద్దామెతో, గోదావరి పుష్కరాలకు మీరందరూ రావాలన్నారు. మా గురువులలో ఒకరి పేరు చెబుతాను, మీరు కూడా అక్కడ ఉండటం న్యాయమన్నారు. ఎవరి పేరో ఆయన చెప్పలేదు. వాళ్లు అడగలేదు. చివర కూర్చొన్న ఒకామె మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల ఊపింది.

కాబట్టి, వ్యాసం మొదట్లో చెప్పిన రెండు కథలకూ నా సమాధానం ఇది. మా ముత్తాతగారి చెల్లెలిని కాపాడింది దోనె నడిపే మనుషులు. ఆవిడ కొల్లేటి లంకలో పెద్దదై, ముసలిదై, తన బతుకు తాను బతికి పోయింది. ఒక ఊరి ఆడపిల్లలకు మోసపోకుండా లెక్క పెట్టుకోవడం నేర్పింది. ఇది అల్లిక కాదని చెప్పడానికి ఒక ఎక్కం తీరు, ఒక తిథి, ఆవిడను కళ్లారా చూసిన ఒక శిష్యురాలు ఉన్నారు. మూడూ మేము ముందుగా ఏమీ చెప్పకుండా విడివిడిగా దొరికినవి. ఇవి వెతికి పట్టింది మా మేనత్త. ఆవిడకు మేనకోడలినని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంది.

తేలనిది ఒకటి ఉంది. తండ్రి పోయింది ఆ పిల్ల నీళ్లలో పడిన చాలా ఏళ్లకు. ఆయన పోయిన తిథి లంకలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. ఆవిడకు తెలిసింది. ఏడాదికొకసారి ఆ నవమి నాడు నీటి గట్టున, ఏలూరు వైపు ముఖం పెట్టి, పొద్దుగూకేదాకా పస్తు కూర్చొనేవారని దెందులూరు పెద్దావిడ చెప్పారు. అంటే ఎవరో ఆవిడకు ఆ కబురు అందించారు. దారిన పోయే పడవవాడు కావచ్చు. మా ఇంట్లోవారే కావచ్చు. ఇంట్లోవారే అయితే, ఆమె బతికి ఉందని తెలిసిన మనిషి ఒకరు మా ఇంట్లో ఉండి, పుష్కరాల రేవులో ఆ పేరు నీళ్లలో పోయినవారి వరసలో పలుకుతుంటే విని ఊరుకొన్నారు. ఆ మనిషి ఎవరో, అసలు అలాంటి మనిషి ఉన్నారో లేదో, మాకు తెలియదు.